పేమమతి గోరీకి ఫిలింనగర్ ఎంత దూరం?

కిలోమీటర్లలో అడిగితే జవాబు తేలికనే. యూసుఫ్‌గూడ నుంచి కృష్ణానగర్ మీదుగా చెక్‌పోస్టు ఎక్కి, ఫిలింనగర్‌లో దిగి, షేక్‌పేట దాటితే సాత్ గుంబద్ తొవ్వ వస్తది. ఫిలింనగర్ నుంచి లెక్కేస్తే నాలుగైదు కిలోమీటర్లు. ఆటోవాలాకు సెవెన్ టూంబ్స్ అంటే చాలు, ఇంకో మాట అడగడు.

మరి ఆ నాలుగైదు కిలోమీటర్లను తెలుగు సినిమా ఇన్నేండ్లలో ఎందుకు దాటలేకపోయింది? షూటింగులకైతే వచ్చింది. గుంబజ్‌ల ముందు హీరోహీరోయిన్లను ఎగిరించింది, ప్యాకప్ చెప్పి పోయింది. ఆ గుంబజ్‌లలో రెండు తన వృత్తివాళ్లవేనని, పాడి ఆడి బతికిన ఇద్దరు ఆడవాళ్లు అక్కడ రాజుల పక్కన పండుకున్నరని ఆ పెద్దమనుషులకు ఎవరన్న చెప్పిన్రా? చెప్పినా విన్నరా? ఒక్క పువ్వు తెచ్చి పెట్టిన్రా?

వాళ్ల పేర్లు తారామతి, పేమమతి. మన నోట్లో ప్రేమావతి, ప్రేమామతి అయింది గానీ గోరీ మీది రాతలో ఉన్నది పేమమతి. దక్కనీలో ప్రేమను పేమ్ అంటరు. ఈ నేల మీద పుట్టిన మాట అది, ఢిల్లీ నుంచి వచ్చింది కాదు, మద్రాసు నుంచి అసలే కాదు. ఇద్దరూ అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు కళాకారిణులు. అబ్దుల్లా 1626 నుంచి 1672 దాంక గోల్కొండను ఏలిండు. పేమమతి గోరీ మీద హిజ్రీ 1073 అని చెక్కి ఉన్నది, మన లెక్కలో 1662-63.

ఇప్పుడు ఆ చోటు ఎసొంటిదో చెప్పాలె. కుతుబ్‌షాహీలు 1518 నుంచి 1687 దాంక, అంటే నూట అరవై తొమ్మిదేండ్లు ఏలిన్రు. కోటకు ఉత్తరం దిక్కు ఇబ్రహీంబాగ్‌లో 106 ఎకరాల తోట వాళ్ల వంశపు ఖబరస్తాన్. మొదటి రాజు సుల్తాన్ కులీ ఉన్నడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం ఉన్నడు. హైదరాబాద్ పట్నం కట్టిన మహమ్మద్ కులీ ఉన్నడు, అందరికంటె పెద్ద గుంబజ్ ఆయనదే. ఆయన బిడ్డ, అబ్దుల్లా తల్లి హయాత్ బక్షీ బేగం ఉన్నది. వంశానికి చెందనోళ్లు చాలా తక్కువ. రాజు పాణం కాపాడిన హకీములు ఇద్దరు, రాజ్యం కాపాడిన సేనాపతి నేక్‌నామ్ ఖాన్. ఇగ వాళ్లతో పాటు, హయాత్ బక్షీ బేగం పేరున్న పెద్ద మసీదుకు దగ్గర్లో, ఒకే అరుగు మీద జంటగా తారామతి, పేమమతి.

వైద్యుడు, సేనాపతి, పాటగత్తె. రాజుల తోటలో చోటు దొరికిన బయటోళ్ల వరస ఇది. ఆ కాలంలో కళకు ఏ కొలత ఉండెనో ఈ వరస చూస్తే తెలుస్తది. ఇంకో మాట. గోల్కొండ ఆఖరి రాజు తానీషాకు ఈ తోటలో చోటు దొరకలేదు. ఔరంగజేబు పట్టుకపోయి దౌలతాబాద్ ఖైదులో పెట్టిండు, ఆయన గోరీ ఖుల్దాబాద్‌లో ఉన్నది. పట్నానికి పేరిచ్చిందని జనం చెప్పుకునే భాగమతి గోరీ కూడా ఇక్కడ కనపడదు. అసలు భాగమతి ఉన్నదా లేదా అని చరిత్రకారులు కొట్లాడిన కొట్లాటలో ఇది కూడా ఒక వాదం. రాజుకే దొరకని జాగ ఇద్దరు ఆటపాటల ఆడబిడ్డలకు దొరికింది.

అయినా పోయి చూడుండ్రి. గైడు ఏం చెప్తడు? రాజుగారి ప్రియురాళ్లు సార్, అంటడు. బారాదరి నుంచి కోట దాంక తాడు కట్టుకుని దాని మీద డాన్స్ చేసుకుంట వచ్చేదట సార్, అంటడు. పిల్లలు నోరు తెరుస్తరు, పెద్దలు నవ్వుతరు, సెల్ఫీ దిగి పోతరు. కథలు చెప్పుకోవద్దని నేనను. తారామతి బాటసారుల కోసం పాడుతుంటే ఆ గొంతు గాలిలో తేలివచ్చి కోటలో రాజు చెవిన పడ్డదనే కథ నాకూ ఇష్టమే. కానీ హకీం గోరీ కాడికి పోయినప్పుడు ఆయన వైద్యం గురించి చెప్తరు, సేనాపతి గోరీ కాడ యుద్ధం గురించి చెప్తరు, పేమమతి గోరీ కాడికొచ్చేటాళ్లకు ఆమె ఎవరితో పండుకున్నదో చెప్తరెందుకు? మగోడు పనితోటి, ఆడది మగోనితోటి గుర్తుండాల్నా? ఏ రాగం పాడింది, ఏ భాషలో పాడింది, ఎవరి దగ్గర నేర్చుకున్నది, ఎవరికి నేర్పింది అనే ప్రశ్నలే పుట్టలేదు. జవాబులు దొరకకపోవచ్చు. ప్రశ్న వేయడానికేం రోగం?

ఎత్తు మీది ఊరు

ఇగ ఫిలింనగర్ దిక్కు చూద్దాం. తెలుగు సినిమా మద్రాసులో పుట్టి పెరిగింది. 1950లలో అమీర్‌పేట, యూసుఫ్‌గూడ దిక్కు సారథీ స్టూడియో లేచింది. 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా హైదరాబాద్‌లో తీసిన మొదటి సినిమా. ఆ తర్వాత 1970లలో అన్నపూర్ణ, ఇంకొన్నేండ్లకు పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వచ్చినయి. రమ్మని ప్రభుత్వాలు పిలిచినయి, భూములు ఇచ్చినయి, రాయితీలు ఇచ్చినయి. బంజారా, జూబ్లీ గుట్టల మీద రాళ్లు పగిలినయి, బంగ్లాలు లేచినయి. చెక్‌పోస్టు కాడి పార్కుకు ఎవరి పేరున్నదో ఒకసారి యాదికి తెచ్చుకోండి. 1969లో మన పిల్లల మీద తుపాకులు పేలినప్పుడు ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్న మనిషి పేరు. ఆయన పేరు పొద్దుపొద్దున్నే వాకింగ్‌కు పోయే ప్రతి నోట్లో ఇప్పటికీ ఉన్నది. పేమమతి పేరు ఏ బస్టాపుకూ లేదు.

రావద్దని ఎవరన్నరు? ఈ పట్నం ఎవరొచ్చినా కాదనలేదు, ఇరానీ వచ్చిండు, అరబ్బు వచ్చిండు, కాయస్థులు వచ్చిన్రు, మార్వాడీ వచ్చిండు. వచ్చినోళ్లంతా ఇక్కడి నీళ్లు తాగి ఇక్కడి మాట నేర్చుకున్నరు. సినిమా వచ్చి ఏం చేసింది? ఇక్కడి మాటను రౌడీకి ఇచ్చింది, పనిమనిషికి ఇచ్చింది, తాగుబోతుకు ఇచ్చింది. హీరోకు గోదావరి మాట, వాని కారు తుడిచెటోనికి మన మాట. దశాబ్దాల కొద్దీ థియేటర్లలో మనమే మన మాట మీద పైసలిచ్చి నవ్వినం. 2009 డిసెంబర్ ప్రకటన వెనక్కి పోయినంక మన పోరగాండ్లు షూటింగులు ఆపిన్రని, సినిమాలు అడ్డుకున్నరని ఎంత ఏడ్చిన్రో గుర్తున్నదా? కళకు ప్రాంతం అంటగట్టొద్దని ఉపన్యాసాలు ఇచ్చిన్రు. కళకు ప్రాంతం లేకుంటే తెలంగాణ మాటకు నలభై ఏండ్లు వేషం ఎందుకు లేదు?

యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, రహమత్‌నగర్ గల్లీలలోకి రాండ్రి. తెరమీద గుంపులో నిలబడే మనుషులు ఇక్కడుంటరు. డ్యాన్సర్లు, ఫైటర్లు, లైట్‌మెన్లు, మేకప్ అసిస్టెంట్లు, డబ్బింగ్ గొంతులు. తెల్లారక ముందే అడ్డా మీద నిలబడి బస్సు కోసం ఎదురుచూసెటోళ్లు. ఆంధ్రోళ్లున్నరు, మనోళ్లున్నరు, ఒడిశా నుంచి వచ్చినోళ్లున్నరు. ఈ గల్లీలలో ప్రాంతం లెక్క కంటె కిరాయి లెక్క పెద్దది. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం వేతనాలు పెంచాలని షూటింగులు బంద్ పెడితే రెండు వారాలు దాటినంక గానీ తేలలేదు. అది కూడా అడిగినంత రాలే, విడతలు విడతలుగ ఒప్పుకున్నరు. వందల కోట్ల బడ్జెట్ల గురించి పోస్టర్లు వేసుకునే పరిశ్రమ ఇది.

ఈ మనుషులు పోతే ఎవరికి తెలుస్తది? జూబ్లీహిల్స్‌లో మహాప్రస్థానం ఉన్నది, చూసే ఉంటరు. శ్మశానమంటే భయపడాల్సిన పని లేకుండ చక్కగ కట్టిన్రు. 2021లో సిరివెన్నెల సీతారామశాస్త్రికి, 2022 నవంబర్‌లో హీరో కృష్ణకు, 2025 జూలైలో కోట శ్రీనివాసరావుకు అక్కడనే అంత్యక్రియలు జరిగినయి. పోయినోళ్ల మీద మాకేం పగ లేదు, వాళ్ల పని వాళ్లు చేసిన్రు, జనం ఏడ్చిన్రు. కెమెరాలు తిరిగినయి, ట్రాఫిక్ మళ్లించిన్రు, అదీ న్యాయమే. నా ప్రశ్న వేరే. అదే వారంలో కృష్ణానగర్ గల్లీలో పోయిన ముప్పై ఏండ్ల సీనియర్ డ్యాన్సర్‌కు అసోసియేషన్ తరఫున ఒక దండ పోయిందా? ఆ పేరు ఏ సినిమా టైటిల్స్‌లో పడ్డది?

పెద్ద పేర్లకే దిక్కు లేనప్పుడు వీళ్ల సంగతి ఎవరు పట్టించుకుంటరంటరా? అదీ నిజమే. కోదాడ దగ్గరి గుడిబండలో 1923లో పుట్టిన కాంతారావు, కత్తి పట్టుకుంటే ఊర్లకూర్లు జాతరలెక్క థియేటర్ల మీద పడ్డ మనిషి, సొంతంగ సినిమాలు తీసి ఆస్తులు పోగొట్టుకున్నడు. ఆఖరికి చిన్నచిన్న వేషాలేసుకుంట బతికి 2009 మార్చిలో క్యాన్సర్‌తో పోయిండు. అటు కరీంనగర్‌ల 1909లో పుట్టిన పైడి జైరాజ్ మూగ సినిమాల కాలంలనే బొంబాయి పోయి హీరో అయిండు. 1980కి గాను దాదాసాహెబ్ ఫాల్కే వచ్చింది. తెలుగు సినిమా పుట్టుక గురించి ఎన్ని ఉత్సవాలు చేసిన్రు వీళ్లు! తెలంగాణ గడ్డ మీద పుట్టిన ఈ మనిషిని 2000లో ముంబైలో కన్ను మూసేదాంక ఎన్నిసార్లు పిలిచిన్రు? తుంగతుర్తి నుంచి వచ్చిన డాక్టర్ ప్రభాకర్‌రెడ్డి సినీ కార్మికులకు ఇండ్లు కావాలని కొట్లాడిండు. ఆ పేరు మణికొండ చిత్రపురి కాలనీకి ఉన్నది, ఆ ఒక్కటి మిగిలింది. అది కూడా కార్మికులు పెట్టుకున్న యాదే, బంగ్లాలోళ్లది కాదు.

మౌలాలి గుట్ట కింద

గోల్కొండ ఒక్కటే అయితే అనుకోకుండ జరిగిందనుకోవచ్చు. పట్నానికి అటు చివర ఇంకో గోరీ ఉన్నది. మౌలాలి గుట్ట కింద తోటలో మహ్‌లకా బాయి చందా. 1768లో పుట్టింది, 1824లో పోయింది. పాడింది, ఆడింది, ఉర్దూలో గజళ్లు రాసింది, సొంత దీవాన్ కూర్చుకున్నది. ఉర్దూలో దీవాన్ ఉన్న మొదటి కవయిత్రులలో ఆమె ఒకతె. నిజాం అలీఖాన్ వెంట యుద్ధాలకు పోయింది, విలు విద్య తెలిసిన మనిషి. తన తల్లి రాజ్ కున్వర్ కోసం మౌలాలిలో గుంబజ్ కట్టించి, చివరికి తల్లి పక్కననే తాను కూడా పండుకున్నది. అది 2010-11లో అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుపడ్డది. మన పట్నం, మన కవయిత్రి, బాగు చేయడానికి పైసలు అమెరికా నుంచి రావాల్సి వచ్చింది. అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వానికి ఈ పని ఎందుకు చేతకాలేదో ఇప్పుడు అడిగి లాభం లేదు, అడగకుండ ఉండలేం.

ఉస్మానియా తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలె. మహ్‌లకా బాయికి నిజాం ఇచ్చిన జాగీర్లలో అడిక్‌మెట్ ఒకటి. ఉస్మానియా యూనివర్సిటీ లేచింది ఆ నేల మీదనే. పక్కన ఇఫ్లూ ప్రాంగణంలో ఆమె పేరున్న బావి ఇప్పటికీ ఉన్నది. 2009 నవంబర్, డిసెంబర్ నెలల్లో ఆర్ట్స్ కాలేజీ ముందు భాష్పవాయువు పొగలో మనం ఉరికిన నేల, 2010 జనవరి 3న విద్యార్థి గర్జనకు లక్షల మంది నిలబడ్డ నేల, ఒక పాటగత్తె జాగీరు. ధూంధాం వేదికల మీద గజ్జెలు కట్టి ఉద్యమాన్ని నడిపిన పాట ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మనం ఒగ్గు కథ అంటం, చిందు యక్షగానం అంటం, బతుకమ్మ అంటం. అన్నీ సత్యమే. ఆ వరసలో ఈ కోట పాట, ఈ దక్కనీ పాట ఎందుకు ఉండొద్దు?

ఇక్కడ రెండు దిక్కుల నుంచి అభ్యంతరం వస్తది, నాకెరుకే.

ఒకటి మన ఎర్ర మిత్రులది. వీళ్లు దర్బారు నర్తకిలు, ఫ్యూడల్ విలాసానికి గుర్తులు, ప్రజా ఉద్యమానికి వీళ్లతో ఏం పని అంటరు. దర్బారులో ఆడదాని బతుకు పూలపాన్పు అని నేననడం లేదు. రాజు మెచ్చితే జాగీరు, మెచ్చకుంటే ఏముంటదో చెప్పే గోరీలు ఎక్కడా లేవు. పేమమతికి గుంబజ్ దొరికింది గానీ ఆమె వెనుక మృదంగం కొట్టినోనికి, తంబూరా పట్టినదానికి గుర్తు రాయన్న లేదు. కానీ మిత్రులారా, రాజుల గుంబజ్‌లు చూడ పోతం గదా, రాళ్లు మోసిన కూలీల చెమట గురించి వ్యాసాలు రాస్తం గదా. ఆ తోటలో చేతి పనితో, గొంతు పనితో చోటు సంపాయించిన ఇద్దరు మనుషులను మాత్రం రాజు ఖాతాలో రాసి వదిలేద్దామా? అట్ల వదిలేస్తే గైడు చెప్పిందే నిలబడ్తది. ప్రియురాలు అనే మాటే నిలబడ్తది.

రెండోది ఇంకో దిక్కు నుంచి. గోల్కొండ అంటే తురకల కాలం, దాన్ని మన సంస్కృతి అనుడేంది అనెటోళ్లు ఈ మధ్య గొంతు పెంచిన్రు. వాళ్లకు రెండు ముచ్చట్లు. ఇబ్రహీం కుతుబ్‌షాకు అద్దంకి గంగాధరకవి తెలుగు కావ్యాన్ని అంకితమిచ్చిండు. పటాన్‌చెరు అమీన్‌ఖాన్‌కు పొన్నికంటి తెలగన అచ్చ తెలుగులో రాసిన ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చిండు. అచ్చ తెలుగుకు మొదటి కావ్యం అదే, అది కూడా ఒక ఖాన్ సాబ్ చేతిలో పడ్డది. మహమ్మద్ కులీ దక్కనీ కవిత్వంలో తెలుగు మాటలు దొర్లుతయి. గోల్కొండ పాదుషా కొలువులో క్షేత్రయ్య పదిహేను వందల పదాలు పాడిండని ఆయన పదమే చెప్తదని పండితులంటరు. ఆఖరి రాజు తానీషా కూచిపూడి ఆట చూసి ఆ ఊరునే కళాకారులకు అగ్రహారంగ ఇచ్చిండని కూచిపూడి వాళ్లే తరతరాలుగ చెప్పుకుంటరు. కృష్ణా జిల్లా కూచిపూడి మన దేశమంతా ఎరిగిన శాస్త్రీయ నృత్యమైంది, మంచిదే. దానికి భూమి ఇచ్చిండని చెప్పే గోల్కొండ కొలువులో ఆడిన తారామతి మాత్రం తాడు మీద నడిచే గారడీ మనిషి అయింది. ఎవరి ఆట శాస్త్రీయమైంది, ఎవరి ఆట విలాసమైంది? ఎవరి చేతిలో అకాడమీలుండెనో వాళ్లు తేల్చిన్రు.

రాష్ట్రం వచ్చినంక

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు వలస పాలకుల మీద నెట్టి చేతులు కడుక్కునే వీలు లేదు. కొన్ని మంచి పనులు అయినయి, కాదనొద్దు. గోల్కొండ సమాధుల తోటను ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు 2013 సంది పట్టుకుని రాయి రాయి బాగు చేసిన్రు. కుంగిన బావులు మళ్ల నీళ్లు పట్టినయి, సిమెంటు పూతలు పోయి సున్నం వచ్చింది, 2024 జూలైలో పని ముగిసిందని వేడుక చేసిన్రు. రవీంద్రభారతిలో చిన్న ప్రివ్యూ థియేటర్‌కు పైడి జైరాజ్ పేరు పెట్టిన్రు. నంది అవార్డులు ఆగిపోయిన చోట గద్దర్ పేరు మీద సినిమా అవార్డులు వచ్చినయి, 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చిన్రు. వాటిలో జైరాజ్ పేరున ఒకటి, కాంతారావు పేరున ఒకటి ఉన్నది.

గద్దర్ పేరు మీద! జర ఆగి ఆలోచించుండ్రి. నంది వద్దని తిప్పి కొట్టిన మనిషి ఆయన. 2023 ఆగస్టు 6న పోయిండు, అల్వాల్‌లో తాను పెట్టిన మహాబోధి బడి ఆవరణలో బౌద్ధ పద్ధతిలో మట్టిలో కలిసిండు. గోల్కొండ, మౌలాలి, అల్వాల్. ఈ పట్నం చుట్టూ మూడు దిక్కుల మూడు పాటల గోరీలు. మొదటి రెండింటికి రాజులు చోటిచ్చిన్రు, మూడోదానికి రాజు లేడు, జనం నిలబడి చోటు చేసిన్రు. అవార్డు తీసుకుని గద్దర్ బొమ్మ ముద్దు పెట్టుకున్న సినీ పెద్దలలో ఎంతమంది అల్వాల్ తొవ్వ పట్టిన్రో వాళ్లే చెప్పాలె.

మరి తారామతి పేరు మీద ప్రభుత్వానికి ఏమున్నది? తారామతి బారాదరి ఉన్నది. గండిపేట తొవ్వలో గుట్ట మీద అందమైన పన్నెండు వాకిళ్ల మంటపం. దాని కింద పర్యాటక శాఖ ఆడిటోరియం కట్టింది, రూములు కట్టింది, పెండ్లిళ్లకు, మీటింగులకు కిరాయికి ఇస్తది. ఆదాయం రావాలె, ఎవరు కాదంటరు? కానీ ఆ పేరున్న మనిషి గురించి చెప్పే ఒక గది, దక్కనీ పాట నేర్పే ఒక తరగతి, ఏటా ఒక్క రాత్రి ఆమె పేరు మీద కచేరి, ఇవన్నీ కిరాయి పట్టికలో ఎక్కడున్నయి?

సినిమా కూడా ఏం మారలేదని అంటే అబద్ధం. 2023లో ‘బలగం’ వచ్చింది. మన చావు, మన దినాలు, మన పిట్టకు ముద్ద, మన మాట. వేణు అనే మనోడు తీసిండు. చివర్లో బుడగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాడిన పాటకు ఊర్లలో తెరలు కట్టి చూసి ఏడ్చిన్రు. ఏండ్ల తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములు ఆ రాత్రి మాట్లాడుకున్నరని వార్తలొచ్చినయి. ఒక సినిమాకు అంతకంటె ఏం కావాలె? మొగిలయ్య 2024 డిసెంబర్‌లో మూత్రపిండాల జబ్బుతో పోయిండు. జబ్బులో సాయం చేసినోళ్లున్నరు, వాళ్లకు దండం. కానీ బుడగ జంగాల పాట ఇంటింటి గడప కాడ అడుక్కునే పాట కాదని, తరతరాల విద్య అని లోకానికి చూపించిన మనిషి ఆయన. ఆయన నేర్చిన కథలన్నీ ఎవరన్న రికార్డు చేసి పెట్టిన్రా, లేక ఆ ఒక్క క్లైమాక్స్ పాటతోనే సరిపెట్టుకోవాల్నా? పేమమతి పాడిన పాట మనకు ఒక్కటి కూడా మిగలలేదు. మూడున్నర వందల ఏండ్ల కింద టేపు లేకుండె. ఇప్పుడు ప్రతి జేబులో ఉన్నది.

పని గురించి మాట్లాడుదాం. వారసత్వ శాఖ చేతిలో ఆ తోట ఉన్నది. ఆ అరుగు కాడ తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిషులో ఒక బోర్డు పెట్టడానికి బడ్జెట్ సమావేశం అక్కర లేదు. దాని మీద ప్రియురాలు అనే మాట రావొద్దు, గాయని, నర్తకి అని రావాలె, కాలం రావాలె, గోరీ మీద ఏం చెక్కి ఉన్నదో దాని అర్థం రావాలె. గైడులకు లైసెన్సు ఇచ్చేటప్పుడు ఆ నాలుగు ముక్కలు నేర్పాలె. ఫిలిం చాంబర్ పెద్దలు ఏడాదికో రోజు వచ్చి దీపం పెడితే వాళ్ల గౌరవమే పెరుగుతది. రాకుంటే కృష్ణానగర్ డ్యాన్సర్లు వస్తరు, యూనియన్ జెండాతోనే వస్తరు. వాళ్లకంటె దగ్గరి చుట్టాలు పేమమతికి ఎవరున్నరు? సంగీత, చరిత్ర విభాగాల పరిశోధక విద్యార్థులు కుతుబ్‌షాహీ కాలపు పాట మీద పని మొదలుపెట్టాలె. ఫార్సీ, దక్కనీ చదవగల పెద్దమనుషులు పాతబస్తీలో ఇంకా ఉన్నరు, వాళ్లు ఉన్నప్పుడే పోయి కూసోవాలె.

ఉద్యోగ మిత్రులకు ఒకటి. మీ సంఘాలు ఏటా డైరీలు, క్యాలెండర్లు వేస్తయి. సకల జనుల సమ్మెలో నలభై రోజులు కలం కింద పెట్టిన సంఘాలు అవి, జనం వాటిని ఇంట్ల మేకుకు తగిలిస్తరు. పన్నెండు నెలలకు పన్నెండు బొమ్మలలో కాకతీయ తోరణం ఉంటది, చార్మినార్ ఉంటది, నాయకుల ఫొటోలు ఉంటయి. ఒక నెల తారామతి, పేమమతి జంట గుంబజ్‌ల బొమ్మ వేయించుండ్రి, ఇంకో నెల మౌలాలి తోట, ఇంకో నెల అల్వాల్ బడి. కింద పేరు, పని, సంవత్సరం రాయించుండ్రి. ప్రింటింగ్ ఆర్డర్లు అక్టోబర్, నవంబర్‌లోనే పోతయి కాబట్టి కార్యవర్గంలో ఇప్పుడే తీర్మానం పెట్టాలె. ఫొటో కావాలంటే మా ఫొటోగ్రాఫర్ ఇస్తడు, పైసలేం అడగడు.